గల్లీ చివరి జాగా

1994లో నేను ఒక విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర విభాగం తరఫున మ్యాపులు గీసేదాన్ని. అప్పుడప్పుడే జీఐఎస్ మా దగ్గరికి వచ్చింది. ఒకే ఊరి మ్యాపును పొరలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించడమే ఆ పని. ఇళ్లది ఒక పొర, మురుగు కాలువలది ఒకటి, నేల వాలుది మరొకటి. ఒక్కో పొరను లేయర్ అంటాం. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే ఏది ఎక్కడ కట్టాలో తేలిపోతుందని మా ధీమా.

షోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లోని ఒక గల్లీలో ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎక్కడ కట్టాలో తేల్చే పని మాకు వచ్చింది. సివిల్ ఇంజనీరింగ్ సారు నేల వాలు లెక్కలు తెచ్చారు. టెక్స్‌టైల్ సారు మగ్గాల వివరాలు తెచ్చారు. ఇంటింటి ఆరోగ్య సర్వే డాక్టరమ్మది. మూడు విభాగాలవాళ్లు ఒక టేబుల్ చుట్టూ చేరితే టీలో చక్కెర దగ్గర కూడా ఏకాభిప్రాయం కుదరదని నాకు ఆ ఏడాదే తెలిసింది.

లేయర్లన్నీ పరిచాక ఒక్క చోటే మిగిలింది, గల్లీ పల్లపు చివర. నీళ్లు కాలువలోకి పోవాలంటే అక్కడే కట్టాలి. కానీ చేమగ్గాలవాళ్లు పడుగును, అంటే బట్టలోని నిలువు దారాలను, గల్లీ పొడవునా సాచి గంజి పెట్టేది సరిగ్గా ఆ చివరిదాకానే. అక్కడ గోడ లేస్తే పడుగు కురచ చేసుకోవాలి, పని పెరుగుతుంది.

“నీళ్లు ఎత్తుకు ఎక్కవండీ,” అనేవారు సివిల్ సారు.

“ఆ గల్లీ వాళ్లకు దారి మాత్రమే కాదండీ, పనిముట్టు కూడా,” అనేవారు టెక్స్‌టైల్ సారు.

ఇద్దరూ చెప్పేది నిజమే కావడంతో నాకు చిరాకెత్తేది. మేం ఒక మాట మీదికి రాకపోతే మరుగుదొడ్లు వేరే పేటకు పోతాయి. చివరికి గల్లీకే పోయి అడుగుదామన్నాను.

గల్లీలో అందరికంటే పెద్ద నేతగాడు అంబాదాస్ మామ. ఆయన మంచం మీద మ్యాపు పరిచి చోటు చూపించాం.

“ఆడ కడితె పడుగు ఏడ సాచాలె? నా నెత్తి మీదనా?” అన్నాడాయన.

టెక్స్‌టైల్ సారు ముఖం వెలిగిపోయింది. వాళ్లను వాదించుకోమని వదిలేసి, మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాను. మామ కోడలు రేణుక గ్లాసు నిండా ఇచ్చింది. ఐదో నెల కడుపు. పొద్దుటి నుంచి ఎండలో గంజి కుంచె పట్టి నిలబడింది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“నువ్వూ తాగు,” అన్నాను.

“నక్కో అక్కా, వద్దు. తాగితె పోవాలె గద. పగటీలి ఏడికి పోవాలె?”

నాకు సర్వే కాగితం గుర్తొచ్చింది. సర్వేలో ఆమెకు మూత్రంలో మంట ఉందని డాక్టరమ్మ రాసుకుంది. ఎందుకో రాసుకునే గడి మాత్రం ఆ కాగితంలో లేదు.

“ఈ మాట బయట చెప్తావా?” అని అడిగాను.

“మామ ముందటనా!” అని కొంగు సర్దుకుంది. అయినా టీ కాచి, కప్పులు పట్టుకుని తనే బయటికి వచ్చింది.

“మామా, కోపం జెయ్యకుర్రి. పడుగు కురచైతె ఇంకోటి సాచుకుందం. తెల్లారకముందు పోయినదాన్ని మల్ల పొద్దుగూకినంకనే పోవాలె. అందుకే నీళ్లు తాగుతలేను. ఆడనే కట్టనియ్యుర్రి.”

సార్లిద్దరూ మ్యాపులోకి చూస్తూ కూర్చున్నారు. మామ నా వైపు తిరిగాడు.

“ఏం బిడ్డా, నీ కంపూటర్ల ఈ ముచ్చట లేదా?”

“లేదు మామా. ఎవరూ ఆమెను అడగలేదు.”

“నేను గూడ అడగలే,” అన్నాడాయన. కోడలి చేతిలో కప్పు అందుకుని, “నువ్వు ముందుగాల్ల నీళ్లు తాగు పో,” అన్నాడు. ఆ గొంతు నేనింకా మరిచిపోలేదు.

మరుగుదొడ్లు గల్లీ చివరనే కట్టారు. పడుగు కురచ చేసుకునే లెక్క టెక్స్‌టైల్ సారే కూర్చుని వాళ్లతో కలిసి వేశారు. ఇద్దరు సార్లూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మ్యాపులో ఇంటికి ఒక్క చుక్కే పెడతాం. ఆ చుక్క తరఫున ఎవరు మాట్లాడారు, ఎవరు ఊరుకున్నారు అని అడగడం నేను దాజీ పేట్‌లో నేర్చుకున్నాను.