కొండపల్లి అమ్మాయికి అంటగట్టిన మైనస్ అద్దాలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను పామర్రు దగ్గరి ఆసుపత్రి నుంచి విజయవాడలో ఒక ప్రభుత్వాసుపత్రి కంటి విభాగానికి బదిలీ చేశారు. నా హోదా ఆఫ్తాల్మిక్ ఆఫీసర్. పేరు చూసి చాలామంది డాక్టరనుకుంటారు, కాను. ఆపరేషన్లు చేసేది సర్జన్లు. చూపు కొలిచి, పవర్ తేల్చి, అద్దాలకు చీటీ రాసేది మేము.

ఆగస్టులో ఒక ఉదయం హర్షిత అనే అమ్మాయి వచ్చింది. బీకాం రెండో సంవత్సరం, రోజూ కొండపల్లి నుంచి బస్సులో కాలేజీకి వస్తుంది. తండ్రి థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు కూలీ. ముఖాన కొత్త కళ్లద్దాలు, కళ్ల నిండా నీళ్లు.

"ఇవి పెట్టుకున్నాక తలనొప్పి ఇంకా ఎక్కువైందండీ. పది నిమిషాలు చదివితే అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అంది. అప్పటికే రెండు సబ్జెక్టులు పోయాయి. కళ్లు సహకరించనప్పుడు చదువెందుకు, బట్టల షాపులో చేరిపొమ్మని ఇంట్లో అంటున్నారట.

అద్దాలు తీసుకుని లెన్సోమీటర్ మీద పెట్టాను. ఉన్న అద్దం పవరెంతో చెప్పే పరికరం అది. రెండూ మైనస్ ఒకటిన్నర, అంటే దూరం ఆననివాళ్లకు ఇచ్చేవి. చీటీ అడిగితే వేలెడంత కాగితం తీసి ఇచ్చింది. యంత్రం కక్కిన అంకెలే తప్ప పరీక్షించిన వారి పేరు గానీ సంతకం గానీ లేవు. బెంజ్ సర్కిల్ దగ్గర 'కంటి పరీక్ష ఉచితం' అని బోర్డు పెట్టిన షాపులో చేయించుకుందట. పరీక్ష ఉచితమే. అద్దాలకు మాత్రం తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది.

ఆ వయసు కళ్లలో చూపును సర్దే కండరం బలంగా ఉంటుంది. షాపుల్లోని పరీక్ష యంత్రంలోకి చూస్తున్నప్పుడు తెలియకుండానే బిగుసుకుంటుంది. దాంతో లేని మైనస్ అంకెల్లోకి వచ్చేస్తుంది. అందుకే మేము చుక్కల మందు వేసి, ఆ కండరానికి విశ్రాంతినిచ్చి, చీకటి గదిలో కంట్లోకి వెలుతురు పంపి కొలుస్తాం. మందు ప్రభావం పూర్తిగా పోయాక మళ్లీ పిలిచి, అక్షరాలు చదివించి, అప్పుడు చీటీ రాస్తాం. హర్షితకు అలాగే చేశాను. తేలిందేమిటంటే, ఆ అమ్మాయికి కావలసినవి చదివేటప్పుడు కళ్లు పడే శ్రమను తగ్గించే ప్లస్ అద్దాలు. షాపువాళ్లు ఇచ్చింది సరిగ్గా తలకిందులు. అలసిన కళ్ల మీద ఇంకో బరువు పెట్టి పంపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ముందు ఆ పిల్ల మీదే చూపించాను. "చదువుకున్నదానివి, మొదట ఇక్కడికి రావాలని తెలియదా?" అని కసిరాను.

తల దించుకుంది. "వచ్చానండీ మేడం, పోయిన నెల్లో. ఈ రోజు శుక్లాల వాళ్లనే చూస్తాం, కాలేజీ పిల్లలు బయట చూపించుకోండి అని మీరే పంపించేశారండి."

ఆ ముఖం నాకు గుర్తులేదు. ఆ మాట మాత్రం నాదే. బడిపిల్లలకు ఉచిత అద్దాల పథకం ఉంది, ముసలివాళ్లకూ ఉంది. పదో తరగతి దాటినవాళ్లు మా ఏ రిజిస్టరులోకీ రారు. రిజిస్టరులోకి రానివాళ్లని పంపించేయడం నాకు ఎప్పుడు అలవాటైందో కూడా తెలియదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ షాపుకి వెళ్లాను. మేనేజరు ఏసీలో కుర్చీ వేయించి మర్యాద చేశాడు.

"కంప్యూటర్ టెస్టండీ, అందులో తప్పు రాదండీ."

"చుక్కలు వేశారా? అక్షరాలు చదివించారా? చూసినతను ఏం చదివాడు?"

"ఫ్రీ టెస్టుకి అంత టైం ఎక్కడుంటుందండీ!" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ దగ్గరికొచ్చే వాళ్లని ఇటు పంపిస్తూ ఉండండి మేడం, మీ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. హర్షిత పక్కనే ఉంది, వింటూనే ఉంది.

సర్వీసులో అంత అవమానం నేనెప్పుడూ పడలేదు. ఒక తెల్లకాగితం అతని ముందు పెట్టాను. "చుక్కలు వేయకుండా, అర్హత లేని మనిషి చేత పరీక్ష చేయించి, ఈ అమ్మాయికి మైనస్ అద్దాలిచ్చామని రాసి సంతకం చేయండి. లేదంటే నా చీటీ ప్రకారం అద్దాలు మార్చండి" అన్నాను. షాపులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. మూడో రోజున అద్దాలు మార్చి ఇచ్చారు, అదే ఫ్రేములో, ఖర్చు లేకుండా. దూరం కొన్నాళ్లు మసకగా ఉంటుందనీ, అయినా తీయవద్దనీ హర్షితకు చెప్పి పంపాను. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, గంటసేపు ఆపకుండా చదవగలుగుతున్నానంది. పోయిన రెండు సబ్జెక్టులూ తర్వాతి పరీక్షల్లో పాసైంది.

ఆ షాపు బోర్డు మాత్రం మారలేదు. పై అధికారులకు నేను రాసిన ఫిర్యాదుకు జవాబూ రాలేదు.

శనివారం మధ్యాహ్నాలు కాలేజీ పిల్లలను ఐడీ కార్డు చూసి పరీక్షిస్తానని మా సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాను. ఆయన మంచివాడే. "రూలు లేదమ్మా" అన్నాడు. మూడుసార్లు తిప్పి పంపాక, నాలుగోసారి నోటిమాటగా ఒప్పుకున్నాడు. నేను దిగిపోయేదాకా ఆ శనివారాలు నడిచాయి. నా పోస్టు ఇప్పటికీ ఖాళీగానే ఉంది, ఆ గదికి తాళం వేశారు.

కళ్లద్దాల గురించి అడిగే విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. అద్దాలు ఎక్కడైనా కొనుక్కోండి, పరీక్ష మాత్రం అద్దాలు అమ్మని చోట చేయించుకోండి. పేరూ సంతకమూ ఉన్న చీటీ అడిగి తీసుకోండి. ఇక నేను నేర్చుకున్నది: ఆ రోజు నేను రెండు నిమిషాలు కేటాయించి ఫలానా రోజు రమ్మని చెప్పి ఉంటే, హర్షిత ఆ షాపు మెట్లెక్కేది కాదు. తప్పు చేసినవాళ్ల జాబితాలో షాపు పేరు రెండోది.