బెన్హర్ ఇస్తానన్న చుట్ట

ప్రపంచంలోకెల్లా మొట్టమొదటి విషం లేని చుట్టను మా సూళ్లూరుపేటలో మా బెన్హర్ తయారుచేశాడు. దాన్ని తాగినవాడి దగ్గు పోయింది, ఊడిన పళ్లు మళ్లీ మొలిచాయి.

సరే, పళ్ల సంగతి వదిలేయండి. విషం లేనిది అన్నది కూడా కాస్త ఎక్కువే, తక్కువ విషం అనుకోండి. తయారుచేశాడు అన్న మాట దగ్గర నాకూ కొంచెం అనుమానముంది. బెన్హర్ అనే మనిషి ఉన్న మాట మాత్రం నిజం. అతనికి ఉన్నది ఒకటే గుణం. దేన్నీ ‘అయింది’ అనడు. ఏది అడిగినా ‘ఇంకో పంట చూద్దాం’ అంటాడు. ఆ మాట వినీ వినీ నేను ముసలివాణ్ణయ్యాను. లేకపోతే ఇప్పటికీ కుర్రవాడిగానే ఉండేవాణ్ణి.

నెల్లూరు కాన్వెంటులో ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్క అయిందా అని సిస్టర్ అడిగితే నేను కాకపోయినా అయిందనేవాణ్ణి, అతను అయినా కాలేదనేవాడు. దెబ్బలు మాత్రం ఇద్దరికీ సమానంగా పడేవి. పెళ్లినాడు చర్చిలో పాస్టరుగారు, “ఎలిశబెతును భార్యగా స్వీకరిస్తావా?” అని అడిగితే మావాడు పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. పెళ్లికూతురు పూలగుత్తితో డొక్కలో పొడిచింది కాబట్టి ఆ కార్యం ఆ రోజే జరిగింది. పూలగుత్తితో కాదు, మోచేత్తో పొడిచానని ఆమె వాదన.

“ఫ్రిజ్జు చల్లబడటం మానేసింది, కొత్తది కొందామా?” అని ఎలిశబెతు అడిగితే, “ఇంకో పంట చూద్దాం” అంటాడు.

“ఏ పంటండీ? మనకు సెంటు భూమి లేదు గదా!”

తడ దగ్గర ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో పొగాకు మొక్కల మీద అతని పని. రిటైరయ్యే వయసు వచ్చినప్పుడు దానికీ ఇంకో పంట చూద్దామనే అన్నాడు. వాళ్లు విసిగిపోయి, సలహాదారు అని పేరు మార్చి అదే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ పనేమిటో చెబుతాను, భయపడకండి, నాకు అర్థమైనంతే చెబుతాను. పొగాకు మొక్కలో ఒక జన్యువు ఉంది. అది నికోటినులో కొంత భాగాన్ని ఇంకో పదార్థంగా మారుస్తుంది. ఆకు ఆరేటప్పుడు ఆ పదార్థంలోంచి కేన్సరు తెచ్చే విషం పుడుతుంది. ఆ జన్యువు నోరు మూయించడమే బెన్హర్ ఉద్యోగం. మూయించాడు కూడా. కానీ దాని విత్తనం నుంచి వచ్చిన మొక్కల్లోనూ ఆ నోరు మూసుకునే ఉంటుందా, ఎండకో వానకో మళ్లీ తెరుచుకుంటుందా అని పంట తర్వాత పంట చూడాలి. ‘ఇంకో పంట’ అన్న మాట అతన్ని అక్కడే పట్టుకుంది.

“మొత్తానికి మంచి పొగాకు కనిపెట్టావన్నమాట” అన్నాను ఒకరోజు.

“మంచిది కాదురా, కొంచెం తక్కువ చెడ్డది. ఒక విషం తగ్గుతుంది. పొగలో మిగతావన్నీ అట్నే ఉంటాయి.”

“మరెందుకురా ఇంత అవస్థ?”

“ఎంత చెప్పినా మాననివాళ్లు ఉంటారు గదా” అని కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎన్నో పంటల అలసట ఆ ముఖంలో ఉంది. తుడిస్తే పోయేది కాదు.

ఈ వార్త పులికాట్ సరస్సు ఒడ్డు చేరేలోపల ‘కొంచెం తక్కువ చెడ్డది’ అన్నది దారిలోనే జారిపోయింది, ‘మంచిది’ ఒక్కటే మిగిలింది. దాన్ని అందుకున్నవాడు చిన్నపోలయ్య. అతను పులికాట్‌లో వలవేసే మనిషి. ఎలిశబెతు వంటింట్లోకి రొయ్యలు వచ్చేది వాళ్ల ఇంటి నుంచే. అతని నోటిని చుట్ట లేకుండా చూసినవాళ్లు లేరు. పొద్దున మంచులో అతని పడవ ఎక్కడుందో పొగను బట్టే చెప్పేవాళ్లు.

ఒకరోజు బెన్హర్ ఇంటి వరండాలో మేమిద్దరం కాఫీ తాగుతుంటే పోలయ్య భార్య పోలేరమ్మ వచ్చి, చేపల గంప దబ్బున దించింది.

“సారూ, నీ చుట్ట ఎప్పుడొస్తాది?”

“ఇంకో పంట చూ...”

“నీ పంట పాడుగాను! ఈయన బుగ్గ లోపల తెల్లమచ్చ వచ్చుండాది. మానకపోతే కేన్సరే అని డాక్టరు చెప్పినాడు. ఈయనేమో, బెన్హరన్న మంచి చుట్ట తెస్తుండాడు, అప్పుడు అది తాగతా, అందాకా ఇది అంటుండాడు. ముందు ఒకటి ఆరినాక ఇంకోటి ముట్టించేవాడు. ఇప్పుడు ఒకటి ఆరకముందే ఇంకోటి. మంచివి వచ్చేలోపల పాతవి అయిపోగొట్టాలంట! వస్తే వస్తాదని చెప్పు, రాకపోతే రాదని చెప్పు సామీ. నా మనిషిని మాత్రం ఇట్టా చంపబాక.”

ఆమె వెళ్లాక బెన్హర్ కాఫీ ముట్టలేదు.

“బయటికే రాని ఆకు, అప్పుడే మనిషిని తినేస్తోందిరా” అన్నాడు.

మర్నాడు నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని పోలయ్య ఉండే కుప్పానికి, అదే జాలరుల పల్లెకు, తీసుకెళ్లాడు. పోలయ్య ఒడ్డున కూర్చుని, నోట్లో చుట్టతో, చిరిగిన వల కుట్టుకుంటున్నాడు.

“రా అన్నా! తెచ్చినావా?”

“తేలేదు. ముందు తాగి గుణం చెప్పేవాడు కావాల. మొదటి చుట్ట నీకే ఇద్దామని వచ్చినా.”

పోలయ్య లేచి నిలబడి, పంచె సర్దుకున్నాడు.

“ఒక్క షరతు పోలయ్యా. ఒంట్లో పాత పొగ ఉంటే కొత్తదాని గుణం తెలీదు. పాతదంతా పోవాల.”

“ఎన్నాళ్లు?”

“చుట్ట వచ్చేదాకా. మధ్యలో ఒక్క దమ్ము లాగినా నువ్వు పనికిరావు. ఇంకొకర్ని చూసుకుంటా.”

“ఇంకొకడంటే ఎవడు? పక్క పడవ గంగాధరమా? వాడి ముఖానికి టెస్టొకటా!” అని నోట్లో చుట్టను నీళ్లలోకి విసిరేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ కుప్పంలో ఎవరికీ శాంతి లేదు. పోలయ్య సోంపు నమిలాడు, కుట్టిన వలనే విప్పి మళ్లీ కుట్టాడు, మమ్మల్నిద్దర్నీ పేరుపేరునా తిట్టాడు. కానీ తాగలేదు. పడవలో ఎవరైనా బీడీ తీస్తే, “దూరం పో! నేను టెస్టులో ఉండా!” అని తెడ్డు ఎత్తేవాడు. గంగాధరమైతే తాగాలనిపించినప్పుడల్లా మోకాలి లోతు నీళ్లలోకి దిగి తాగి వచ్చేవాడు.

వారం వారం పోలయ్య బెన్హర్ గేటు దగ్గర హాజరు.

“అన్నా, అయిందా?”

“పురుగు పట్టింది పోలయ్యా. ఇంకో పంట చూద్దాం.”

“అన్నా, అయిందా?”

“తుపానుకు మొక్కల మీద కట్టిన వల చినిగింది. ఇంకో పంట చూద్దాం.”

“ఏందన్నా ఇది! శ్రీహరికోట నుంచి రాకెట్లు ఆకాశానికి పోతుండాయి. నీ చుట్ట తడ నుంచి సూళ్లూరుపేటకు రాలేకపోతుండాది!”

ఎదురుచూసేది పోలయ్య, అలిసిపోయేది నేను. “ఒక్క చుట్ట చుట్టి వాడి మొహాన కొట్టరాదా?” అని బెన్హర్‌ను కోప్పడ్డాను కూడా. అతను వినపడనట్టు ఫ్రిజ్జు తలుపు తెరిచి మూశాడు.

ఒక ఆదివారం చర్చి బయట షారన్ కనిపించింది. బెన్హర్ కింద పనిచేసే అమ్మాయి.

“ఏమ్మా, ఆ చుట్ట ఎప్పుడిస్తారు మీరు?” అన్నాను.

“ఏం చుట్ట తాతయ్యా?” అని నవ్వింది. “మొక్కలు పెంచే మా వలగదిలోంచి ఒక్క ఆకు గేటు దాటకూడదు. పరీక్షలు కాగానే మొత్తం కాల్చెయ్యాల్సిందే. సారే దగ్గరుండి తన చేత్తో కాలుస్తారు.”

“మరి పురుగు పట్టిందని...”

“పురుగా? మా వలగదిలోకి దోమ కూడా దూరదు. ఈసారి ఆకు ఎంత బాగా వచ్చిందని! ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి, సార్ నోటితో ‘అయింది’ అనడం విన్నాను.”

దేన్నీ ‘అయింది’ అనని మనిషి, తీరా అయినాక, ఆ సంగతి పోలయ్య దగ్గర దాచిపెట్టాడు.

కిందటి వారం పోలేరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గంప మెల్లగా దించింది. నిండా రొయ్యలు.

“మచ్చ బాగా పలచబడిందని డాక్టరు చెప్పినాడు సారూ. ఇంక చుట్ట జోలికి పోకుండా, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నాడు.” గొంతు తగ్గించి అటూ ఇటూ చూసింది. “నీకు దణ్ణం పెడతా. ఆ చుట్టను మాత్రం ఎప్పటికీ తేబాకయ్యా.”

బెన్హర్ రొయ్యల్ని ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు.

ఇదంతా రాసి, నిన్న అతన్ని మా ఇంటికి పిలిచి చదివి వినిపించాను. మెట్ల మీద నిలబడే విన్నాడు.

“శుద్ధ అబద్ధం! పురుగు పట్టిన మాట నిజం. నేనెవరికీ చుట్ట ఇస్తానని చెప్పలేదు. ఆ పోలయ్య ఎవరో గాని, మానింటే పెళ్లాం నోటికి భయపడి మానింటాడు. ఆ కుప్పం ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలీదు” అన్నాడు బెన్హర్, చెప్పులకంటిన పులికాట్ బురదను మా మెట్టుకేసి గీకుతూ.