తక్కెడకెక్కిన రామటెంకి

మా ఇంట్లో దేవుని పెట్టెలో ఒక రామటెంకి ఉండేది. ఒక వైపు పట్టాభిషేక రాముడు, రెండో వైపు మాలో ఎవరికీ చదవరాని అక్షరాలు. అది పాత రాజుల కాలపు బంగారు నాణెమనీ, కోవిల్‌పట్టి చుట్టుపక్కల అలాంటిది మరొకటి లేదనీ మా మామ చెప్పేవాడు. మా ఆయనా, వాళ్ళన్నా వేరుపడినప్పుడు బావకు రెండు రేగడి చేలు, మాకు ఒక చేనూ ఈ నాణెమూ ఇచ్చాడు. రెండు వాటాలూ సమానమన్నాడు. మా ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. తూకం వేయిద్దామని ఎవరికీ తోచలేదు. పూజలో ఉన్న దేవుణ్ణి గురిగింజలతో తూచడం మా వాళ్ళలో పాపం.

మామ పోయిన కొన్నాళ్ళకు వానలు లేక మేత దొరకలేదు. మా ఎద్దులు రెండూ పోయాయి. మళ్ళీ జత కొనకపోతే చేను బీడు పడుతుంది. ఇక అమ్మేందుకు ఆ నాణెమొక్కటే మిగిలింది.

కోవిల్‌పట్టి కంసాలి దాన్ని చేతిలోకి తీసుకుని, పేరుకుపోయిన పసుపును గోటితో గీకాడు.

“మీ దేవునికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళాయె నాయకరే? తక్కెట్లో పెడితేనే సంగతి తెలిసేది.”

“తక్కెడ వద్దు ఆచారీ. చూసి చెప్పరాదా?”

“చూసి చెప్పేదానికి ఇదేమన్నా పెండ్లికూతురా?”

మా ఆయన నాణేన్ని లాక్కుని మూట కట్టుకున్నాడు. విరుదునగర్‌లో చూడగానే చెప్పేవాళ్ళు ఉంటారని ఎవరో అన్నారు. రైలెక్కి వెళ్ళాం. ఎండలో బజారంతా తిరిగాం. ఒక్కొక్క అంగట్లో అదే మాట, తక్కెడ. ఆయన ప్రతిచోటా మెట్లు దిగి వచ్చేశాడు. నా కాళ్ళు బొబ్బలెక్కాయి. చివరి అంగడి ముసలి కంసాలి, ఆ అరవ బజారులో మనలా తెలుగు మాట్లాడేవాడే. మమ్మల్ని కూర్చోమని నీళ్ళిచ్చాడు, తర్వాత తక్కెడ తీశాడు. మా ఆయన మళ్ళీ లేవబోయాడు.

“దేవుణ్ణి తూస్తే ఇల్లు నిలవదు” అన్నాడు.

“ఎద్దులు పోయినాక ఇంక నిలిచేది ఏముండాది? ఇట్ల తెండ” అని ఆయన చేతిలోంచి తీసుకుని నేనే తక్కెడ తట్టలో పెట్టాను. భక్తి లేక కాదు. ఇంకో అంగడి మెట్లెక్కే ఓపిక లేక.

కంసాలి తూకం చూసి పెదవి విరిచాడు. ఇంత మందానికి ఈ బరువు చాలదన్నాడు. గీటురాయి మీద రుద్దితే పచ్చగానే గీటు పడింది. మా ఆయన ముఖం వెలిగింది. అప్పుడు అంచు మీద ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు. లోపల ఎర్రగా కనిపించింది.

“రాగి తల్లీ. పైన బంగారు పూత. రాజు అచ్చేసింది కాదు, పూజకని చేసి అమ్మేవి. ఇట్లాంటివి శానా చూసినాను.”

“మా నాయనకు తెలుసునంటావా?” అని మా ఆయన నన్ను అడిగాడు.

“ఆయనా తూచలేదు కదా” అన్నాను.

తిరిగివచ్చిన మర్నాడు ఇద్దరం బావ దగ్గరికి వెళ్ళాం. జరిగింది చెప్పి, రెండు చేలలో ఒకదాంట్లో సగమైనా మాకు విడవమని ఆయన అడిగాడు. బావ నాణేన్ని తిప్పి, అంచు మీద రాపిడి చూశాడు.

“మా నాయన ఇచ్చినప్పుడు బంగారమేరా. సామిని తక్కెట్లో పెట్టినారు, రాగి అయిపోయినాడు. దానికి నేనేం చేసేది?”

వేళాకోళమేమో అనుకున్నాను. కాదు, నిజంగానే నమ్మి చెప్పాడు. పక్కనే ఉన్న అత్త నా వైపు తిరిగి, “ఏ చేతితో పెట్టినావే?” అంది. పెద్దమనుషులు కూడా వాటా మళ్ళీ పంచేది లేదన్నారు. ఆ రాత్రి మా ఆయన నాణేన్ని నన్ను ముట్టనీయకుండా తనే దేవుని పెట్టెలో పెట్టాడు. ఆయనకూ ఆ అనుమానం పట్టిందని నాకు అర్థమైంది. వాదించాలని కూడా అనిపించలేదు.

వానలు పడ్డాక మా చేను బావే దున్నుకున్నాడు, పంటలో మాకో వాటా ఇచ్చేట్టు వారానికి. నేను తెల్లవారేసరికి కోవిల్‌పట్టిలో పత్తి ఏరే కొట్టానికి కూలికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాను.