కళ్లు మూసుకుని విన్న కూత

మా చిన్నమ్మాయి యూనివర్సిటీ కబడ్డీ జట్టుకు ఎంపికైంది, మిత్రులారా! పొద్దున ఎంపిక పోటీలో ఆమె కూత మొదలుపెట్టగానే భయంతో కళ్లు మూసుకున్నాను.

డెబ్బైల్లో ఎల్లారెడ్డిలో జరిగిన పోటీలోనూ ఇంతే. మా అన్నయ్యది కామారెడ్డి కాలేజీ జట్టు. నా చుట్టూ కూర్చున్నది ఎల్లారెడ్డి వాళ్లు.

"మీ అన్న ఇయ్యాల కుంటుకుంట ఇంటికొస్తడు సూడు!" అన్నాడొకడు.

కళ్లు మూసుకుని అన్న కూతే విన్నాను. అది ఆగితే అన్న దొరికినట్టే. ఇప్పటి టీవీ జట్లు ఎంత గొప్పవైనా, పాటల మోతలో కూత వినబడుతుందా? అప్పుడు అన్న మధ్య గీతకు తిరిగొచ్చే దాకా వినబడింది, అక్కడున్నవాళ్లకు గుర్తుందా?

గెలిచొచ్చిన అన్న అడిగాడు: "నా ఆట సూసినవా?"

"సూసిన."

నాగిరెడ్డిపేట అక్కకు, తాడ్వాయి చిన్నమ్మకు, మద్నూర్ మామకు ఈ వార్త చెప్పండి. అన్నకూ చెప్పండి, ఆనాడు నేను కళ్లు మూసుకున్న సంగతి తప్ప.