ఖాళీ పొట్టలు

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పుట్టింది పర్చూరు దగ్గర, వాగు ఒడ్డునున్న పేటలో. మా వాగులో చేపపిల్లలు ఏం తిని పెరుగుతాయన్నదే నా పీహెచ్‌డీ. సెలవు దొరికితే చాలు, ఊరెళ్ళి అమ్మ పాత చీరతో పరిగె పిల్లల్ని పట్టేదాన్ని. పొట్ట కోసి మైక్రోస్కోపు కింద పెడితే వాటి వయసు తెలిసిపోయేది. మరీ పసివైతే నలకంత నీటి పురుగులు, కాస్త పెరిగినవైతే దోమ పిల్లలు, నాచు.

ఒకసారి మిరపకు మందులు కొట్టే రోజుల్లో వెళ్ళేసరికి వాగు ఒడ్డంతా తెల్లగా ఉంది. అన్నీ చచ్చిన చేపపిల్లలే. ఎగువన మిరపతోట ఉన్న మోతుబరి పనివాళ్ళు స్ప్రేయర్లు వాగులో కడిగి, మిగిలిన పురుగుమందు అక్కడే పారబోశారు. నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి అడిగాను.

"చేపపిల్లల కోసం ఏడుస్తున్నావా అమ్మాయ్? నువ్వు కోసి చంపేదీ వాటినేగా!" అన్నాడు. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. "మీ పేటోళ్ళకి కూర తగ్గిందని చెప్పు, అర్థమవుద్ది."

నా పని ఆగిపోయింది. అంతకంటే ఆ నవ్వే నన్ను కాల్చింది. అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశాడు కాబట్టి అందరి ముందే ఆయన తల దించాలి అనుకున్నాను.

మరుసటి ఏడు ఆయన వాగు దిగువన చెరువు తవ్వించి, వాగు నీళ్ళే పెట్టి, శీలావతి చేపపిల్లల్ని వదిలాడని అమ్మ చెప్పింది. కొన్నాళ్ళకి ఆయనే ఫోన్ చేశాడు.

"మేడం గారూ, పిల్లలు చచ్చిపోతున్నాయండి. రోగమేంటో తెలీట్లా. ఒక్కసారి రండి."

ఆ 'గారు' వినడానికి ఎంత హాయిగా ఉందో! కావాలనే ఆదివారం, చర్చి వదిలే వేళకి వెళ్ళాను. పేటంతా నా వెనకే చెరువు గట్టుకొచ్చింది. మూడు నాలుగు చేపపిల్లల పొట్టలు కోసి, వెంట తెచ్చిన మైక్రోస్కోపులో ఆయన్నే చూడమన్నాను.

"ఏమీ కనపడట్లేదండీ."

"అందులో ఏమీ లేదు కాబట్టి. ఆకలితో చచ్చాయి. ఈ నీళ్ళలో మందు చేపని చంపేంత లేదు, అది తినే పురుగుల్ని చంపేంత ఉంది. ఆ మందు ఎక్కడిదో మీరే చెప్పండి."

"మా పనోళ్ళు..." అని నసిగాడు.

"వాళ్ళకి చెప్పిందెవరు?"

"నేనే."

"వెనకున్నోళ్ళకి వినపడలేదండీ."

మళ్ళీ అన్నాడు, గట్టిగా. చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది నాకు.

నీళ్ళు తోడేసి బోరు నీళ్ళు పెట్టమని, పేడ వేసి, పురుగూ నాచూ పుట్టి నీళ్ళు పచ్చబడ్డాకే పిల్లల్ని వదలమని చెప్పి వచ్చాను. అది చేపపిల్లల మీద జాలితో చెప్పిందే. ఆయన పనివాళ్ళు ఇప్పుడు స్ప్రేయర్లు చేలోనే గుంట తీసి కడుగుతున్నారు. వానలకి వాగులో పరిగె పిల్లలు మళ్ళీ కనిపించాయి.

ఆయన మా ఇంటికి బస్తాడు మిరపకాయలు పంపితే తిప్పి పంపేశాను.

"ఇంక చాల్లేవే, దిగొచ్చాడుగా," అంది అమ్మ.

"దిగొచ్చింది తన చెరువు కోసమే," అన్నాను.