మెట్ల గోడ మీద పక్కకు జరిగిన పటం

లొరేన్ పావ్లాక్ స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ హామ్‌ట్రామిక్ ఊళ్లో ఆమెకు భయపడని పిల్లవాడు లేడు. అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే చాలు, వెనక సీట్లు కూడా గప్‌చిప్. అంతటి మనిషి, ఈస్టర్ ముందరి గురువారం పొద్దున, సొంత ఇంటి మెట్ల గోడ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడింది.

కారణం మొగుడు చెస్టర్. చర్చి ముందు మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక నడక నేర్పే కేంద్రంలో ఉంచారు. ఇంట్లో స్నానాలగది మేడమీద. మెట్ల పక్కన గోడకు, పట్టుకుని ఎక్కేందుకు గట్టి కమ్మీ ఉంటేనే ఇంటికి పంపుతామన్నారు. ఆ మధ్యాహ్నమే కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చి లాగి చూస్తుందట. కదిలిందంటే పండగ మాట దేవుడెరుగు, చెస్టర్ ఎప్పటికి ఇల్లు చేరతాడో చెప్పలేరు. ఫోనులో అతని గొంతు రోజురోజుకీ నీరసిస్తోంది. తిండిపోతు మనిషి, నిన్న ఇంట్లో ఏం వండావని కూడా అడగలేదు. లొరేన్‌కు అసలు భయం పట్టుకున్నది అప్పుడే.

కమ్మీ కొనడం పెద్ద పనేం కాదు. దాన్ని మోసే గుంజ దొరకాలి. ఆ వీధిలో అన్నీ పాత చెక్క ఇళ్లు. గోడ లోపల అక్కడక్కడా నిలువు గుంజలు, వాటి మీద అడ్డంగా సన్న బద్దలు, ఆ పైన మందంగా గార. స్క్రూ గుంజలోకి దిగితే జన్మకు ఊడదు. ఉత్త బద్దలోకి దిగితే మాత్రం పట్టుకున్నవాడి చేతికి గోడతో సహా వచ్చేస్తుంది.

చెస్టర్ తమ్ముడు ఎడ్డీ, గుంజల్ని పసిగట్టే యంత్రమొకటి పట్టుకుని హుషారుగా దిగాడు. గోడకు ఆనించాడు. కీచుమంది. కాస్త జరిపాడు. మళ్లీ కీచు.

"వదినా, గోడంతా గుంజలే!"

"గోడంతా గుంజలుండటానికి ఇది ఇల్లా, కట్టెల అడితా? ఆ గార మందానికి దానికి మతి పోయినట్టుంది."

"ఊరుకో వదినా, నీకేం తెలుసు?"

డ్రిల్ పెట్టాడు. గార దాటగానే లోపలంతా ఖాళీ, సర్రున పోయింది. మెట్ల నిండా తెల్లపొడి. పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. అన్నీ అంతే.

"ఆపరా నాయనా! మీ అన్నకి కమ్మీ బిగించమంటే గోడని జల్లెడ చేస్తున్నావు."

ఎడ్డీ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. లొరేన్ వేళ్లతో తట్టి చూసింది. ఎక్కడ తట్టినా ఒకటే మోత. ఏం తోచక మెట్టు మీద చతికిలబడి, అలవాటుగా పైనున్న మేరీమాత పటం వంక చూసింది.

అది అత్తగారు స్టెల్లా పెట్టిన పటం. గోడకు నడిమధ్యన ఉండదు. ఎవరో తోసినట్టు జానెడు పక్కకు ఉంటుంది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు లొరేన్ చూడలేక దాన్ని మధ్యకు మార్చింది. వారం తిరక్కుండా పటం దబ్బున పడి అద్దం పగిలింది. స్టెల్లా కొత్త అద్దం వేయించి, నోరెత్తకుండా పాత చోటే తగిలించింది. ఆ ఈస్టర్‌కు చర్చిలో దీవించి తెచ్చిన గుడ్డును ముక్కలు చేసి అందరికీ పంచి, కోడలికి ఆఖర్న ఇచ్చింది. ముసలిదాని పంతం అనుకుంది లొరేన్. అత్తగారు పోయాక కూడా దాన్ని కదిపే ధైర్యం చేయలేదు.

"ఎడ్డీ, ఆ పటం ఎంత బరువుంటుంది?"

"ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఏం?"

"మరి ఒక్క మేకు మీద ఇన్నేళ్లు ఎలా ఆగింది?"

ఎడ్డీ గబుక్కున లేచాడు.

ఇద్దరూ కలిసి పటం దింపారు. లొరేన్ మేకును పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. అది వీసమెత్తు కదల్లేదు. వంటింట్లోకి పరిగెత్తి ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చింది. మేకు కింద గోడకు ఆనించి నెమ్మదిగా దించుతూ పోతే, బద్దల్ని గుంజకు కొట్టిన చీలలున్న చోటల్లా టక్కున అతుక్కుంది. అన్నీ ఒకే వరసలో, ఒకదాని కింద ఒకటి.

"ఇక్కడ పెట్టు డ్రిల్."

ముందు తెల్లపొడి రాలింది. తర్వాత డ్రిల్ మూలిగింది. గోధుమరంగు చెక్కపొట్టు సుళ్లు తిరుగుతూ బయటికొచ్చింది, పాత దేవదారు వాసనతో. ఆ వాసనకు లొరేన్ ప్రాణం లేచొచ్చింది. గుంజలన్నీ సమాన దూరంలోనే పాతుతారు, ఇక మిగతావి దొరకబుచ్చుకోవడం ఎంతసేపు!

మధ్యాహ్నం కేంద్రం నుంచి నజ్మా అనే అమ్మాయి వచ్చింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని వెనక్కి వాలి వేలాడింది.

"ఇది కదిలేది కాదండీ. శనివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్లండి."

శనివారం చెస్టర్ కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కాడు. మళ్లీ పాత చోటే తగిలించిన పటం దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు.

"గుంజ దొరికింది దీని వల్లేనటగా? ఎడ్డీ చెప్పాడు."

"మీ అమ్మకి తెలుసా, గుంజ అక్కడుందని?"

"తెలియకేం! గోడకి చెవి ఆనించి పూటంతా తట్టి మరీ పట్టుకుంది."

"మరి నాకొక్క ముక్క చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగావా? వచ్చీ రాగానే జరిపేశావు."

లొరేన్ పకపకా నవ్వింది. ఇన్నేళ్లలో అత్తగారిని తలుచుకుని అలా నవ్వడం అదే మొదలు.

తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లింది. చర్చికి దీవెన కోసం పట్టుకెళ్లే పండగ బుట్టలోకి, తురుముతుంటే కళ్లనీళ్లు తెప్పించే ఘాటు ముల్లంగి దుంప తురమాలి. పైనుంచి చెస్టర్ దిగుతున్న అడుగులు వినపడ్డాయి. కమ్మీ కిర్రుమనలేదు. చివరి మెట్టు కూడా దిగి, గుమ్మంలో నిలబడి అతను ఆమె మొహంలోకి చూశాడు.

"ఏడుస్తున్నావేంటే?"

"ముల్లంగి ఘాటు."

"దానికింకా తొక్కే తీయలేదుగా," అన్నాడు చెస్టర్. "సరేగానీ, తినడానికేముంది?"