పగులు లేని టమోటా బొమ్మ

ఈ ఉదయం మదనపల్లె మార్కెట్ నుంచి మా ప్రయోగశాలకు పరీక్షకు వచ్చిన టమోటాల తొడిమలు తుంచుతుంటే వేళ్ళకు పచ్చి ఘాటు వాసన అంటుకుంది. వాసనలు గతాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి తెస్తాయన్న మాటను నేను నమ్మను. అవి తెచ్చేది జ్ఞాపకాన్ని, జరిగినదాన్ని కాదు. అందుకే శాంతమ్మ టీచరు గురించి రాసేముందు, మూడో తరగతిలో నా పక్కన కూర్చున్న, ఇప్పుడు బి.కొత్తకోటలో ఉంటున్న నాగరత్నకు ఫోను చేసి, సరిచూసుకోగలిగినంత సరిచూసుకున్నాను. మిగిలినదానికి నా జ్ఞాపకమే ఆధారం. ఆ మేరకు అనుమానించి చదువుకోవచ్చు.

పుంగనూరులో మా ప్రాథమిక పాఠశాలకు శాంతమ్మ టీచరు బొమ్మలు నేర్పడానికి వచ్చారు. కుప్పం వైపు మనిషి. ఆమెది పక్కా ఉద్యోగం కాదు. కొనసాగించాలా వద్దా అని తల్లిదండ్రుల కమిటీ ఏడాదికొకసారి తేల్చే తాత్కాలికపు పని. అంతకుముందు డ్రాయింగు పీరియడంటే, గోడకున్న చార్టు చూసి రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, ముందొక గుడిసె దించడం. ఆ విద్యలో నన్ను మించినవారు లేరని హెడ్మాస్టరే అనేవారు.

మొదటిరోజే ఆమె గంపనిండా టమోటాలు తెచ్చారు. టమోటా మండీ ఏరివేతలో పక్కన పడేసినవి: వంకరవి, మచ్చలవి, వానకు పగిలినవి. తలా ఒకటి చేతికిచ్చి గీయమన్నారు. గీశాక కాయలన్నిటినీ గంపలో కలిపేసి, ఒకరి బొమ్మ మరొకరికిచ్చి, దాన్నిబట్టి ఆ కాయను వెదికి తీయమన్నారు. దొరికితే బొమ్మ నెగ్గినట్టు. నా బొమ్మ గుండ్రంగా, నున్నగా, నెత్తిన కిరీటంలాంటి తొడిమతో ఉంది. నాగరత్న గంపను రెండుసార్లు కలియబెట్టి తేల్చేసింది.

"ఇట్లాంటిది ఈడ యాడా లేదు టీచర్. ఇది సాసు సీసా మీద ఉండే కాయ."

తరగతంతా నవ్వింది. శాంతమ్మ టీచరు నవ్వలేదు, ఓదార్చనూ లేదు. "కాయ నీ చేతిలో ఉండాది, నువ్వు సూసింది ఇంకెక్కడనో. మళ్ళా గీయమ్మా," అన్నారు. ఆ ఏడాదంతా నేను మళ్ళీ మళ్ళీ గీశాను. పాత పేపర్లతో సంచులు చేయించినప్పుడూ ఆమె పద్ధతి అదే. ఎవరి సంచి ఎన్ని కాయలకు చిరుగుతుందో వారి చేతనే వేయించి చూపేవారు. బాగుందన్న మాట ఆమె దృష్టిలో ఇంకా రుజువు కావలసిన మాట.

ఏడాది చివర కమిటీ వాళ్ళు మా పని చూడటానికి వస్తున్నారని తెలిసింది. ఆమె ఉంటారా పోతారా అన్నది ఆ రోజుతో తేలుతుందని పిల్లలందరమూ చెప్పుకున్నాం. పగుళ్ళూ మచ్చలూ గోడకు తగిలిస్తే ఎవరికి నచ్చుతాయమ్మా అని హెడ్మాస్టరు ఆమెతో అనడం నేను విన్నాను. నాకు భయం పట్టుకుంది. ముందురోజు నేను పెన్సిలుతో గీసిన కాయకు తొడిమ చుట్టూ పెద్ద పగులుంది. వాళ్ళు రావడానికి కాస్త ముందు, ఎవరూ చూడకుండా, రబ్బరుతో దాన్ని చెరిపేశాను. ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

కమిటీ పెద్ద మునస్వామప్ప టమోటా వ్యాపారి. కంటిచూపుతోనే కాయను రకం కట్టే మనిషి. టీచరు ఆయన ముందు గంప పెట్టి ఆట వివరించారు. మొదటి రెండు బొమ్మలకూ ఆయన చిటికెలో కాయలు తీశాడు. మూడోది నాది. గంపంతా తిరగేసి, చివరకు ఉన్నవాటిలో నున్నటి కాయ ఒకటి తీశాడు. సరిచూడటానికి టీచరు బొమ్మ వెనక వేసిన అంకె, కాయ అడుగున వేసిన అంకె కలవలేదు.

"బొమ్మ బాగుండాది టీచరమ్మా, కాయ మాత్రం లేదు. ఇంగ ఏం నేర్పించినట్టు?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. ఆమె కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని కాసేపు చూశారు. నావైపు చూడలేదు. "తప్పు నాదేనప్పా. గోడకు పెట్టేముందు ఇంగోసారి సరిసూసుకోలేదు," అన్నారు.

ఆమెను కొనసాగించలేదు. ఆఖరు పనిదినాన నా బొమ్మ నాకు తిరిగిస్తూ, ఆమె చేసినట్టే ఏటవాలుగా పట్టుకోమన్నారు. చెరిపిన చోట పెన్సిలు నొక్కిన గాడి తెల్లగా, స్పష్టంగా కనిపించింది. యాల చెరిపినావని అడిగారు. మీరు పోకూడదని, అన్నాను. ఆమె ఆ గాడిని వేలితో తడిమారు.

"నేను ఉండేదీ పొయ్యేదీ వాళ్ళ చేతిలో ఉండాది. కాయ ఎట్లుండాదో సెప్పేది నీ చేతిలో ఉండె కదమ్మా."

చాలా ఏళ్ళ తర్వాత, రిటైరైన హెడ్మాస్టరును కలిసి అడిగాను. ఆ నిర్ణయం కమిటీ రాకముందే జరిగిపోయిందని, ఆ పీరియడును లెక్కలకు ఇవ్వాలనుకున్నారని ఆయన చెప్పారు. అది ఒక్కరి మాట, కాగితమేదీ దొరకలేదు. నన్ను ఊరడించడానికే అన్నారేమో కూడా తెలియదు. కాబట్టి ఆమె పని పోవడానికి నేను కారణమని రాయలేను, కాదనీ రాయలేను. శాంతమ్మ టీచరు ఇప్పుడు ఎక్కడున్నారో కుప్పంలో విచారించినా తెలియలేదు.

ప్రయోగశాల నోటుపుస్తకంలో తప్పు పడిన అంకెను నేను చెరపను. కింద ఏముందో చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెడతాను. కొత్తగా చేరినవారికి అలాగే చేయమని చెబుతాను. ఎందుకని అడిగితే నియమమంటాను. అది నిజంగానే నియమం. నా విషయంలో మాత్రం అది పూర్తి సమాధానం కాదు.